బెంగళూరు వంటింట్లో జపాన్ కర్రీ నూడుల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. మా ఇంట్లో వారానికోసారి రాత్రి భోజనానికి జపాన్ కర్రీ నూడుల్స్ చేస్తానని తెలిసిన దగ్గర్నుంచి లిఫ్టులో, పార్కులో, పిల్లల స్కూల్ బస్ ఆగేచోట అవే ప్రశ్నలు వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. వంట బాగా వచ్చినవాళ్ల చేతుల్లోనే ఈ కర్రీ ఎక్కువగా దారి తప్పుతుంది. మన చెయ్యి మనకి తెలియకుండానే పోపుల పెట్టె మీదకి వెళ్లిపోతుంది మరి. అందుకని ఏది ఎంత వెయ్యాలో చెప్పినంత వివరంగా, ఏది ఎందుకు వద్దో కూడా చెప్పాను.

ఇంతకీ ఇది ఎలా ఉంటుంది? మన కూరలాగేనా?

మన కూర నోట్లో పెట్టుకోగానే ముందు కారం, మసాలా తగులుతాయి. ఇందులో ముందు చిక్కదనం, కొంచెం తీపి, కమ్మదనం తెలుస్తాయి. కారం చివర్లో మెల్లగా వస్తుంది. వెన్నలో మైదా, కర్రీ పొడి దోరగా వేయించిన ముద్దని కూరగాయలు ఉడికిన నీళ్లలో కరిగిస్తే ఆ చిక్కదనం వస్తుంది. అన్నం మీద పోసుకుంటే కర్రీ రైస్. అదే కర్రీని కొంచెం జారుగా చేసి, ఉదోన్ అనే లావుపాటి గోధుమ నూడుల్స్ మీద పోస్తే కర్రీ ఉదోన్. అన్నంలోకి ఒకలా, ఇడ్లీలోకి ఒకలా సాంబారు చేసుకుంటాం కదా, అలాంటిదే.

కర్రీ మనదే కదా, జపాన్‌వాళ్లకి ఎక్కడిది?

మన దగ్గర్నుంచి నేరుగా వెళ్లలేదు. బ్రిటిష్‌వాళ్లు మన మసాలాల్ని కలిపి కర్రీ పొడి అని పేరు పెట్టి అమ్మారు. దాంతో, మైదా వేసి చిక్కగా చేసే వాళ్ల పద్ధతిలో వండిన కర్రీ మెయిజీ కాలంలో జపాన్ చేరింది. 1872 నాటికే అక్కడి వంట పుస్తకాల్లో కర్రీ ఉంది. నౌకాదళం 1908లో వేసిన వంటల పుస్తకంలో కూడా ఉంది. ఇప్పటికీ అక్కడి నౌకాదళంలో శుక్రవారం కర్రీ తినే అలవాటు కొనసాగుతోంది.

ఈ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన మనిషి స్వాతంత్ర్య పోరాటంలోని విప్లవకారుడు రాస్ బిహారీ బోస్. బ్రిటిష్ పోలీసులకి దొరక్కుండా 1915లో ఆయన జపాన్ వెళ్లారు. టోక్యోలోని షింజుకులో నకమురాయ అనే బేకరీ నడిపే కుటుంబం ఆయన్ని దాచింది. తర్వాత ఆ ఇంటి అమ్మాయినే పెళ్లి చేసుకున్నారు. 1927లో నకమురాయలో భారతీయ కర్రీ అమ్మకం మొదలవడానికి కారణం ఆయనే. 1943లో అక్కడి భారత స్వాతంత్ర్య ఉద్యమ బాధ్యతని సుభాష్ చంద్రబోస్ చేతిలో పెట్టింది కూడా ఈయనే. అయితే ఆయన నేర్పింది మన తరహా కోడికూర. ఇక్కడ నేను చెబుతున్నది ఓడలెక్కి వచ్చిన చిక్కటి కర్రీ. రెండూ వేరు వేరు దారుల్లో వెళ్లాయి.

ఇంటికి వచ్చేసరికే ఎనిమిదిన్నర అవుతుంది. అరగంటలో అయిపోతుందా?

కర్రీ ముద్ద ముందే చేసి ఫ్రిజ్‌లో ఉంటే ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది. చెయ్యి అలవాటయ్యేదాకా నలభై అయిదు అనుకోండి. ముద్ద ఆదివారం చేసుకోవాలి, దాని సంగతి కింద చెప్పాను. నలుగురికి కొలత ఇది.

ఇంట్లోకి రాగానే నూడుల్స్ కోసం పెద్ద గిన్నెడు నీళ్లు ఒక పొయ్యి మీద పెట్టెయ్యండి. రెండో పొయ్యి మీద కుక్కర్ పెట్టి, రెండు టేబుల్‌స్పూన్ల నూనెలో రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా, పొడుగ్గా తరిగి వెయ్యండి. చిటికెడు ఉప్పు వేస్తే త్వరగా మగ్గుతాయి. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఈ కర్రీకి తీపి, రంగు రెండూ ఉల్లిపాయల నుంచే రావాలి, కాబట్టి పది నిమిషాలు కలుపుతూ గోధుమరంగు వచ్చేదాకా వేయించాలి. అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లి గీకండి, ఆ అడుగున పట్టిందే రుచి. తర్వాత ఒక టీస్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోనివ్వండి. చికెన్ వేసేవాళ్లు బోన్‌లెస్ ముక్కలు 300 గ్రాములు ఇప్పుడు వెయ్యాలి. రెండు క్యారెట్లు, రెండు బంగాళదుంపలు పెద్ద ముక్కలుగా వేసి, లీటరు దాషి (నాచు, ఎండుచేపల్లాంటి వాటితో తీసిన తేట నీరు, కింద చెప్పాను) గానీ నీళ్లు గానీ పోసి, మూత పెట్టి రెండు విజిల్స్ రానివ్వండి.

కుక్కర్ ఆవిరి పోయేలోపు నూడుల్స్ ఉడుకుతాయి. మూత తీశాక, పొయ్యి ఆపి ఉన్నప్పుడే కర్రీ ముద్ద కరిగించాలి. సగం ఆపిల్ తురుము, రెండు టేబుల్‌స్పూన్ల సోయా సాస్, టీస్పూన్ పంచదార వేసి, మళ్లీ పొయ్యి వెలిగించి సిమ్‌లో ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. సోయా సాస్‌లో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి ఉప్పు చివర్లోనే చూసుకోవాలి. గిన్నెల్లో నూడుల్స్ వేసి, పైన కర్రీ పోసి, ఉల్లికాడలు సన్నగా తరిగి చల్లుకుంటే భోజనం తయారు.

కర్రీ ముద్ద ఎలా చేయాలి? నాకు ప్రతిసారీ ఉండలు కడుతోంది.

50 గ్రాముల వెన్న, 50 గ్రాముల మైదా, రెండు టేబుల్‌స్పూన్ల కర్రీ పొడి. ఇది లీటరు నీళ్లకి సరిపోతుంది. నేను ఇక్కడి నందిని వెన్నే వాడతాను. ఉప్పున్న వెన్నయితే తర్వాత ఉప్పు తగ్గించుకోండి. మందపాటి బాణలిలో వెన్న కరిగించి, మైదా వేసి, సిమ్‌లో పది పన్నెండు నిమిషాలు గరిటె ఆపకుండా తిప్పాలి. ముందు తెల్లగా, ముద్దగా ఉంటుంది. తర్వాత కొంచెం జారవుతుంది, బిస్కెట్లు కాలుతున్న వాసన వస్తుంది. వేయించిన వేరుశనగ గుళ్ల రంగు వచ్చిందంటే పొయ్యి ఆపెయ్యండి. కర్రీ పొడి ఆ తర్వాతే కలపాలి. ముందే వేస్తే మైదా వేగేలోపు పొడి మాడి చేదెక్కుతుంది. వెన్న రాసిన చిన్న స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. చాకుతో ముక్కలు కోసుకోవచ్చు. ఫ్రిజ్‌లో రెండు వారాలు వాడుకుంటాను, అంతకంటే ఎక్కువ రోజులకైతే ఫ్రీజర్‌లో పెడతాను.

ఉండల సంగతి. మసులుతున్న నీళ్లలో ముద్ద వేస్తే పైపొరలో ఉన్న మైదా వెంటనే ఉడికి బిగుసుకుపోతుంది, లోపలికి నీళ్లు పోవు. మొదటిసారి నేను చేసిన తప్పూ అదే, ఆ రాత్రి కర్రీ అంతా జల్లెడలో వడగట్టాల్సి వచ్చింది. పొయ్యి ఆపండి. మసలడం ఆగాక ఒక గిన్నెలోకి రెండు గరిటెల రసం తీసుకుని, అందులో ముద్దని జారుగా కలిపి, అప్పుడు కుక్కర్‌లో పొయ్యండి. ఈ పద్ధతిలో నాకు మళ్లీ ఉండ కట్టలేదు.

వెన్న వద్దనుకుంటే పొద్దుతిరుగుడు నూనె వాడండి, 45 గ్రాములు చాలు. నెయ్యి వాసన మిగతా వాటిని తొక్కేస్తుంది, నాకు నచ్చలేదు.

కర్రీ పొడి అంటే ఏం పొడి? సాంబారు పొడి వేసెయ్యొచ్చా?

వద్దు. సాంబారు పొడిలో పప్పులు, కొన్నిట్లో ఇంగువ, కరివేపాకు ఉంటాయి. ఎంత చేసినా చివరికి సాంబారు వాసనే వస్తుంది. గరం మసాలా ఒక్కటే వేసినా కుదరదు, అందులో పసుపు ఉండదు. జపాన్ కర్రీ పొడికి పసుపు, ధనియాలు, జీలకర్ర, మెంతులు ప్రాణం.

నా కొలత: ధనియాల పొడి నాలుగు టీస్పూన్లు, జీలకర్ర పొడి రెండు, పసుపు రెండు, సోంపు పొడి ఒకటి, గరం మసాలా ఒకటి, మెంతి పొడి అర, మిరియాల పొడి అర, కారం అర. కమలాపండు తొక్క ఎండబెట్టి పొడి చేసి చిటికెడు కలిపితే వాసన బాగా దగ్గరకొస్తుంది. అక్కడి పొడుల్లో కూడా నారింజ జాతి తొక్కలు వేస్తారు. ఇది దాదాపు రెండు సార్లకి సరిపోతుంది. మెంతులు తేలిగ్గా వేయించి పొడి కొట్టండి, కొలత దాటితే చేదు.

సూపర్ మార్కెట్లో దొరికే కర్రీ బిళ్లల పెట్టె కొంటే ఈ శ్రమంతా ఉండదు కదా?

ఉండదు. జపాన్‌లో కూడా ఎక్కువ ఇళ్లలో వాడేది ఆ బిళ్లలే. చాక్లెట్‌లా గళ్లు గళ్లుగా ఉంటాయి. హౌస్ కంపెనీ ఆపిల్, తేనె రుచితో వెర్మాంట్ కర్రీని 1963లో తెచ్చింది, ఎస్ అండ్ బి వాళ్ల గోల్డెన్ కర్రీ 1966లో వచ్చింది. పెట్టె మీద అమకుచి అని ఉంటే తియ్యనిది, చూకర మధ్యరకం, కరకుచి కారంగా ఉండేది. మన నోటికి కరకుచి కూడా కారం తక్కువగానే ఉంటుంది.

అయితే దయచేసి పెట్టె తిప్పి పదార్థాల జాబితా చదవండి. చాలా రకాల్లో గొడ్డు కొవ్వు, పంది కొవ్వు, కోడి లేదా మాంసం సారం కలుస్తాయి. కొన్నిట్లో పాలపొడి ఉంటుంది. పైన కూరగాయల బొమ్మ ఉన్నంత మాత్రాన శాకాహారం అయిపోదు. ఆకుపచ్చ చుక్క ఉంటే తీసుకోండి. దిగుమతి అట్టపెట్టె మీద స్టిక్కర్ సరిగ్గా లేకపోతే, విదేశాల నుంచి ఎవరైనా బ్యాగులో పెట్టి తెచ్చిచ్చినదైతే, శాకాహారులు దాన్ని పక్కన పెట్టడమే మంచిది. ఒకసారి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాక ఈ సంగతి తెలిసి, ఒక పెద్దావిడ తినకుండా లేచారు. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. ఆ రోజు నుంచి అతిథులు వచ్చినప్పుడు ఇంట్లో చేసిన ముద్దే వాడుతున్నాను.

దాషి లేకపోతే కుదరదా?

కుదురుతుంది, కానీ నూడుల్స్‌కి మాత్రం దాషి తేడా తెలుస్తుంది. దాషి అంటే సముద్రపు నాచు, ఎండబెట్టిన చేపల్లాంటి వాటిని నానబెట్టో, కాసేపు కాచో తీసిన తేట నీరు. కొంబు అనే నాచు కాచిన నీటికి అంత రుచి ఎందుకొస్తుందో వెతికిన జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా 1908లో అందులోని గ్లుటమేట్ అనే పదార్థాన్ని గుర్తించి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. టమాటాలో, పుట్టగొడుగుల్లో కూడా ఆ గుణం ఉంది.

శాకాహారులు ఎండు షిటాకే పుట్టగొడుగులు నాలుగు, అరచేతిలో సగమంత కొంబు ముక్క పొద్దున్నే లీటరు నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకి వెళ్లండి. రాత్రికి దాషి సిద్ధం. కొంబు తీసెయ్యండి, షిటాకే తరిగి కర్రీలో వేసుకోండి. రెండూ దొరక్కపోతే మామూలు బటన్ పుట్టగొడుగులు ఉల్లిపాయలతో పాటు బాగా వేయించి, ఒక పండు టమాటా వేసినా కొంత లోటు తీరుతుంది.

చేపలు తినేవాళ్లకి మాత్రం మన దగ్గరే బంగారం ఉంది. ఉదోన్‌కి పేరుపడ్డ కగావా ప్రాంతంలో దాషి తీసేది చిన్న ఎండుచేపలతోనే. ఇరికో అంటారు, అవి మన నెత్తళ్ల జాతివే. కోస్తా ఇళ్లలో నెత్తళ్లు కొత్తేం కాదు. ఊరి నుంచి తెచ్చుకున్నవి గానీ, శివాజీనగర్ రస్సెల్ మార్కెట్లో కొన్నవి గానీ పదిహేను తీసుకుని, తల, పొట్ట తీసేసి (చేదు అక్కడే ఉంటుంది), ఉప్పు పోయేలా కడిగి, లీటరు నీళ్లలో అరగంట నానబెట్టి, సిమ్‌లో ఎనిమిది నిమిషాలు కాచి వడగట్టండి. మా అమ్మ ఆ నీళ్లు రుచి చూసి, ఇందులో వంకాయ వేసి పులుసు పెట్టుకోవచ్చు కదా అంది. పెట్టుకున్నాం కూడా. చాలా బాగుంది.

ఉదోన్ దొరకలేదు. ఏ నూడుల్స్ వాడాలి? బెంగళూరులో ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉంటున్నాయెందుకు?

రెండో ప్రశ్నకి ముందు జవాబు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీల దగ్గరే మసులుతాయి. ప్యాకెట్ మీద పది నిమిషాలు అని ఉంటే ఇక్కడ పదకొండు, పన్నెండు పడుతుంది. చెన్నైలోనో విజయవాడలోనో ఈ తేడా ఉండదు. ఒక పోగు తీసి కొరికి చూడటమే సరైన కొలత.

ఎండు ఉదోన్ వంద గ్రాములకి కనీసం లీటరు నీళ్లు ఉండాలి. ఆ నీళ్లలో ఉప్పు వెయ్యొద్దు, ఉదోన్ పిండి కలిపేటప్పుడే ఉప్పు వేస్తారు. ఉడికాక చిల్లుల గిన్నెలో వార్చి, చన్నీళ్ల కింద చేత్తో రుద్ది జిగురు పోయేలా కడగండి. వడ్డించే ముందు వేడినీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తే మళ్లీ వేడెక్కుతాయి. కర్రీలోనే నూడుల్స్ ఉడికిద్దామనుకోవద్దు, జిగురంతా దిగి హల్వాలా అవుతుంది.

ఉదోన్ లేకపోతే లావు రకం హక్కా నూడుల్స్ బాగానే ఉంటాయి. స్పగెట్టీ ఉంటే లీటరు నీళ్లకి టేబుల్‌స్పూన్ వంట సోడా వేసి ఉడికించండి. సోడా వల్ల పోగు కొంచెం పసుపుగా, సాగేలా మారి రామెన్ నూడుల్స్‌కి దగ్గరవుతుంది. తర్వాత బాగా కడగాలి. రెండు నిమిషాల ప్యాకెట్ నూడుల్స్ అయితే మసాలా పొట్లం పక్కన పెట్టి, ఉడికిన నీళ్లు పారబోసి వాడండి. సేమియా మరీ సన్నం, ఈ కర్రీ బరువుకి ఆగదు.

సెలవురోజున ఇంట్లో చేయాలనిపిస్తే 300 గ్రాముల మైదా, 140 మిల్లీలీటర్ల నీళ్లు, 15 గ్రాముల ఉప్పు. ఉప్పు నీళ్లలో కరిగించి పిండి కలపండి. పూరీ పిండి కంటే గట్టిగా, చేతికి లొంగకుండా ఉంటుంది. జపాన్‌లో దాన్ని మందపాటి కవర్లో పెట్టి కాళ్లతో తొక్కుతారు. మా పిల్లలకి ఈ పని చాలా ఇష్టం. రెండు గంటలు నాననిచ్చి, చపాతీ కర్రతో మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, పొడిపిండి చల్లి, మడతపెట్టి పట్టీలుగా కోసి పన్నెండు నిమిషాలు ఉడికించాలి. కొన్నదానికి, దీనికి పోలిక లేదు.

చిక్కగా కుదిరిన కర్రీ కాసేపటికే నీళ్లలా అయిపోయింది. ఏమైంది?

ఎంగిలి చెంచా పెట్టి ఉంటారు. నిజంగానే. మన లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది. ఈ కర్రీ నిలబడేది మైదా పిండి మీదే కాబట్టి, రుచి చూసిన గరిటెని మళ్లీ గిన్నెలో పెడితే కర్రీ పలచబడొచ్చు. చిన్నప్పుడు ఎంగిలి చెయ్యొద్దని అమ్మమ్మ అరిచిన మాటకి ఈ గిన్నెలో గట్టి ఆధారం ఉంది. చేతిలో వేసుకునో, వేరే చెంచాతోనో రుచి చూడండి.

పచ్చి తేనె చివర్లో కలిపినా ఇదే జరుగుతుంది, తేనెలో కూడా అమైలేజ్ ఉంటుంది. తేనె వేయాలనుంటే ముద్ద వేయకముందే వేసి కనీసం ఇరవై నిమిషాలు మరగనివ్వండి. నేనైతే ఆపిల్, పంచదారతోనే సరిపెట్టుకుంటాను.

పలచబడిన దాన్ని బాగుచేయాలంటే టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్ మూడు చెంచాల చన్నీళ్లలో కలిపి, మసులుతున్న కర్రీలో సన్నగా పోస్తూ తిప్పండి. ఉదోన్ దుకాణాల్లో మామూలుగానే చివర్లో పిండి నీళ్లు కలుపుతారు. కర్రీకి నిగనిగలాడే మెరుపు వస్తుంది, వేడి కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇక్కడి కూరగాయల్లో ఏవి బాగుంటాయి?

నా ఓటు బెంగళూరు వంకాయకి. తెలుగులో ఆ పేరు పెట్టుకుని కూడా బెంగళూరులో ఉన్న మనం దాన్ని పప్పులో తప్ప వాడం. చెక్కు తీసి పెద్ద ముక్కలు కోసి వేస్తే ముక్క చెదరకుండా, కర్రీ తీపిని పీల్చుకుని చాలా బాగుంటుంది. బంగాళదుంప తగ్గించాలనుకునే షుగర్ పేషెంట్లకి నేను ఇదే చెబుతాను. గుమ్మడికాయ, బీన్స్, బఠాణీ కూడా సరే. మీల్‌మేకర్ వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి వెయ్యొచ్చు. బెండకాయ, కాకరకాయ వద్దు.

చివర్లో చిన్న పోపు పెడితే ఇంకా బాగుంటుంది కదా?

ఆవాలు, కరివేపాకు, ఇంగువ పడిన క్షణం నుంచి ఆ మూడింటి వాసనే మిగులుతుంది. అరగంట సేపు ఉల్లిపాయలతో, ముద్దతో తెచ్చుకున్న కమ్మదనం వెనక్కి పోతుంది. కనీసం మూడుసార్లు పోపు లేకుండా తిని చూడండి. కారం చాలకపోతే ఎండుమిర్చి గింజలు తీసి, మిగతా పొరని దంచి పైన చల్లుకోండి. కొంచెం మిరియాల పొడి కూడా నప్పుతుంది. పక్కన ఆవకాయ పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, గిన్నెలో కలపనంతవరకు.

మా అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి తినరు.

క్యారెట్ తురుము, క్యాబేజీ సన్నగా తరిగి వెన్నలో బాగా వేయించండి. అల్లం, ఆపిల్ కొంచెం పెంచండి. ఉల్లికాడల బదులు కొత్తిమీర. కొన్న బిళ్లల్లో మాత్రం ఉల్లి, వెల్లుల్లి పొడులు సాధారణంగా ఉంటాయి.

మిగిలితే మర్నాటికి ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు, కానీ రాత్రంతా పొయ్యి మీద వదిలెయ్యొద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగించినా చావవు. చిక్కటి కర్రీ అడుగున గాలి తగలదు, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటుంది. అవి పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. జపాన్‌లో కూడా కర్రీ మిగిల్చేటప్పుడు ఈ జాగ్రత్త చెబుతారు. బెంగళూరు రాత్రి చల్లగా ఉందని ధీమా పడొద్దు, పెద్ద గిన్నె మధ్యలో ఆ చల్లదనం చేరదు. వెడల్పాటి స్టీలు పళ్లేల్లో పలచగా పోసి, కింద చన్నీళ్లు పెట్టి కలుపుతూ చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు అడుగుదాకా గరిటె పెట్టి తిప్పుతూ బాగా మరిగించండి. ఫ్రీజర్‌లో పెడితే బంగాళదుంప ముక్కలు స్పాంజిలా అవుతాయి, ముందే మెదిపెయ్యండి.

అసలు జపాన్ ఇళ్లలో కర్రీ ఉదోన్ చాలాసార్లు ఇలాగే తయారవుతుంది. మొదటి రోజు అన్నంలోకి చిక్కటి కర్రీ, మర్నాడు మిగిలినదాంట్లో దాషి, సోయా సాస్ కలిపి నూడుల్స్ మీదకి. మీకు వారం మధ్యలో ఇంకా త్వరగా వంట కావాలంటే ఇదే దారి, పావుగంట చాలు.

ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్లకి పెట్టొచ్చా?

తప్పకుండా పెట్టండి, కానీ మొదటిసారి అన్నంలోకి పెట్టండి. నూడుల్స్ పొడుగు, పైన ఈ జారుడు కర్రీ, రెండూ కలిస్తే పెద్దవాళ్లకి తినడం కష్టం, బట్టల మీద పడి పసుపు మరక పట్టుకుంటుంది. రుచి అలవాటయ్యాక నూడుల్స్‌ని రెండు అంగుళాల ముక్కలుగా తుంచి ఉడికించి, లోతైన గిన్నెలో చెంచాతో ఇవ్వండి. మా నాన్న అలాగే తింటారు, పక్కన ఒక అప్పడం ఉండాలి.